మాగ్నెట్ అంటుకోకపోతే అది 304 అని ఎవరు చెప్పారు?

ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చేవాళ్లలో సగం మంది జేబులో మాగ్నెట్ ముక్క ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పైపుకి ఆనించి, అంటుకోకపోతే "304యే, ఇక ఢోకా లేదు" అని తేల్చేస్తారు. 304 అంటే తుప్పుని బాగా తట్టుకునే స్టీలు గ్రేడు. ఇన్నేళ్లుగా రెయిలింగులు చేస్తున్నాను, ఈ ఒక్క మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నంత మంది మరి దేనివల్లా పోగొట్టుకోలేదు.

తుప్పుని ఆపేది పైనుండే క్రోమియం ఆక్సైడ్ పొర. మందం రెండు మూడు నానోమీటర్లే. గీత పడ్డా గాలి తగిలి మళ్లీ అల్లుకుంటుంది, క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటేనే. మాగ్నెట్‌కి ఆ పొర సంగతే తెలీదు. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. 202 లాంటి చవక గ్రేడుల్లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. మాంగనీసు కూడా మాగ్నెట్‌ని అంటనివ్వదు గానీ పొరకి బలమివ్వదు. ఇంక మాగ్నెట్ ఏం తేలుస్తుంది? పైగా అసలైన 304 కూడా వంచిన చోట కాస్త అంటుకుంటుంది. అది చూసి మంచి పైపు వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు.

పోయిన వానాకాలం సూర్యలంక వైపు నుంచి ఒక రిటైరైన టీచరమ్మగారు వచ్చారు. గృహప్రవేశమై ఏడాది తిరగలేదు, రెయిలింగంతా ఎర్రటి చుక్కలు. "నేనే మాగ్నెట్ పెట్టి చూసుకున్నాను బాబూ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వెళ్లి గన్‌తో, అంటే లోహంలో ఏది ఎంత శాతముందో చెప్పే ఎక్స్‌రే యంత్రంతో, చూపిస్తే మాంగనీసు తొమ్మిది పైన, నికెల్ ఒకటి. సముద్రపు గాలిలోని ఉప్పు ఆ పొరని ఇట్టే పొడిచేస్తుంది. అక్కడ 304 కూడా చాలదు, రెండు మూడు శాతం మాలిబ్డినం ఉన్న 316 కావాలి. "మొత్తం పీకెయ్యాలా?" అని ఆమె భయం. అక్కర్లేదమ్మా అన్నాను. సముద్రం వైపుది మార్చాం, లోపలి మెట్లది రుద్ది, పికిలింగ్ పేస్టు (తుప్పు, మరకలు తీసే యాసిడ్ ముద్ద) పెట్టి కడిగి ఉంచేశాం.

వెల్డింగ్ దగ్గర నీలం రంగు అందమనుకుని వదిలేయకండి, దానికింద క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. టైల్స్ మేస్త్రీలు యాసిడ్‌తో నేల కడిగాకే రెయిలింగ్ బిగించుకోండి, ఆ ఆవిరికే మచ్చలు పడతాయి. ఇనుము కోసిన బిళ్లతో స్టీలు కోయనివ్వకండి.

ఐదు లోహాలు సమంగా కలిపిన హై ఎంట్రపీ అలాయ్‌కి తుప్పే రాదటగా అని ఇంజనీరింగ్ పిల్లలు అడుగుతుంటారు. 2004లో కాంటర్ అనే శాస్త్రవేత్త బృందం ప్రకటించిన అలాంటి అలాయ్‌లోనూ మాంగనీసు ఉంది, దాని బలహీనతా అదే.

కొనేటప్పుడు గ్రేడు బిల్లు మీద రాయించుకోండి, కోయకముందే గన్ పెట్టించండి. టీచరమ్మగారి బిల్లులో "స్టీలు పైపు" అని మాత్రమే ఉంది. షాపుకెళ్లి నిలదీయడానికి ఆమె చేతిలో ఏ ఆధారమూ లేకపోయింది.