ఎనిమిది కోర్లా, నాలుగు కోర్లా: ఎఫ్‌ఎక్స్-8350, ఐ7-3770కె తగాదా వెనకున్న కథ

సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొనేవాళ్ళ మధ్య ఇప్పటికీ తెగని వాదన ఒకటుంది. ఏఎండీ ఎఫ్‌ఎక్స్-8350 మేలా, ఇంటెల్ కోర్ ఐ7-3770కె మేలా? రెండూ 2012లో వచ్చినవే. ఇంటెల్‌ది ఏప్రిల్‌లో, ఏఎండీది అక్టోబరులో. పెట్టె మీద రాసింది చదివితే ఎఫ్‌ఎక్స్‌కి 8 కోర్లు, 4 గిగాహెర్ట్జ్; ఐ7కి 4 కోర్లు, 3.5 గిగాహెర్ట్జ్. విడుదలైనప్పుడు ఎఫ్‌ఎక్స్ ధర 195 డాలర్లు, ఐ7 ధర 313 డాలర్లు. ఈ లెక్కన ఎఫ్‌ఎక్స్ ఎగరేసుకుపోవాలి. గేముల్లో అది దాదాపు ఎప్పుడూ గెలవలేదు. కొన్ని పనుల్లో మాత్రం ఐ7కి నిజంగానే దీటుగా నిలబడింది. ఎందుకో తెలియాలంటే ఈ చిప్పుల కంటే కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

2003లో అథ్లాన్ 64తో ఏఎండీదే పైచేయి. 2006లో కోర్ 2తో ఇంటెల్ దాన్ని దాటేసింది. అదే ఏడాది ఏఎండీ సుమారు 540 కోట్ల డాలర్లకు ఏటీఐని కొని అప్పులు నెత్తికెత్తుకుంది. 2007లో ఫినమ్ చిప్పుల్లో టీఎల్‌బీ (మెమరీ చిరునామాలు గుర్తుంచుకునే చిన్న క్యాష్) లోపం బయటపడి పరువు పోయింది. 2009లో సొంత ఫ్యాక్టరీలను విడదీసి గ్లోబల్‌ఫౌండ్రీస్‌గా మార్చింది. ఒక్కో కోర్ బలంలో ఇంటెల్‌తో తలపడే స్తోమత లేని కాలమది. అందుకే దారి మార్చింది: చిన్న కోర్లు ఎక్కువ పెడదాం, క్లాక్ స్పీడు పెంచుదాం, బరువైన ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ సంఖ్యల) లెక్కలు మెల్లగా గ్రాఫిక్స్ చిప్‌కి వెళ్ళిపోతాయి అన్న అంచనాతో బుల్డోజర్ డిజైన్ పుట్టింది.

ఎనిమిది అన్న అంకె మీద పేచీ మొదలైంది ఇక్కడే. బుల్డోజర్ చిప్‌లో ఉన్నవి నాలుగు మాడ్యూళ్ళు. ఒక్కో మాడ్యూల్ ఒక ఇంట్లో రెండు కాపురాల్లాంటిది, వంటిల్లు మాత్రం ఉమ్మడి. రెండు ఇంటీజర్ (పూర్ణాంకాల లెక్కల) కోర్లకూ పనులను వరసలో పెట్టే వేరువేరు షెడ్యూలర్లు, తలో 16 కేబీ ఎల్1 డేటా క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) ఉంటాయి. ఇన్‌స్ట్రక్షన్లు తెచ్చే ఫెచ్, వాటిని విడదీసే డీకోడర్, 64 కేబీ ఇన్‌స్ట్రక్షన్ క్యాష్, ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్, 2 ఎంబీ ఎల్2 క్యాష్ ఇద్దరివీ. పైగా ఒక్కో కోర్‌లో ఏఎల్‌యూలు (అసలు లెక్కలు చేసే భాగాలు) రెండే. అంతకుముందున్న ఫినమ్ 2లో మూడు ఉండేవి. క్లాక్ పెంచుకోవడానికి పైప్‌లైన్‌ని, అంటే ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ దాటాల్సిన దశల వరసని, పొడిగించారు. కాబట్టి బ్రాంచ్ ప్రిడిక్షన్ (ప్రోగ్రామ్ తర్వాత ఏ దారి పడుతుందో ముందే వేసే అంచనా) తప్పినప్పుడల్లా పడే జరిమానా కూడా పెరిగింది.

2011 అక్టోబరులో ఈ డిజైన్‌తో ఎఫ్‌ఎక్స్-8150 వచ్చింది. ఒకే థ్రెడ్ (ఒక కోర్ వరసగా చేసుకుపోయే పని) మీద నడిచే పనుల్లో అది ఏఎండీ సొంత ఆరు కోర్ల ఫినమ్ 2 ఎక్స్6 1100టీ చేతిలో కూడా ఓడింది. విండోస్ 7కి మాడ్యూల్ సంగతి తెలియదు. పక్క మాడ్యూళ్ళు ఖాళీగా ఉన్నా రెండు థ్రెడ్లను తెచ్చి ఒకే మాడ్యూల్‌లో కూర్చోబెట్టేది. 2012 జనవరిలో మైక్రోసాఫ్ట్ దీనికి ప్యాచ్‌లు ఇచ్చింది. లాభం కొద్దిపాటిదే. ఆ ఏడాది చివర్న పైల్‌డ్రైవర్ కోర్లతో వచ్చిన 8350 అదే 32 నానోమీటర్ల మీద, సుమారు 315 చదరపు మిల్లీమీటర్ల డై (చిప్ లోపలి సిలికాన్ ముక్క) మీద తయారైంది. బ్రాంచ్ ప్రిడిక్టర్, షెడ్యూలర్ మెరుగుపడ్డాయి, క్లాక్ పెరిగింది, ధర తగ్గింది. ఉమ్మడి వంటిల్లు అలాగే ఉంది.

అటు ఇంటెల్‌కి పోటీ భయం లేదు. ఐవీ బ్రిడ్జ్ 22 నానోమీటర్ల ట్రై-గేట్ ట్రాన్సిస్టర్లతో వచ్చింది. డై 160 చదరపు మిల్లీమీటర్లే, అందులోనూ పెద్ద ముక్క హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్‌కి పోయింది. టీడీపీ (కూలర్ మోయాల్సిన వేడి) 77 వాట్లు, ఎఫ్‌ఎక్స్‌కి 125. ఆ నిశ్చింత వల్లే కాబోలు, శాండీ బ్రిడ్జ్ దాకా డైకీ పై మూతకీ మధ్య వాడిన సోల్డర్‌ని తీసేసి థర్మల్ పేస్ట్ పెట్టారు. 3770కెని 4.4, 4.5 గిగాహెర్ట్జ్‌కి లాగితే ఉష్ణోగ్రత ఎగబాకేది అందుకే. మూత తెరిచి చూసినవాళ్ళకు తేలిందేమంటే, పేస్ట్ నాణ్యత కంటే అంచుల్లో ఉన్న నల్ల జిగురు మందమే అసలు దోషి. అది మూతని కాస్త పైకి ఎత్తి పట్టడంతో డైకీ మూతకీ మధ్య సందు మిగిలిపోతోంది. జిగురు గీకేసి మంచి పేస్ట్ రాస్తే 15 నుంచి 20 డిగ్రీల దాకా తగ్గినవి ఉన్నాయి. బ్లేడు జారితే మాత్రం చిప్ చెత్తబుట్టకే. డై అంటించిన చిన్న బోర్డు మీద గీత పడితే లోపలి దారులు తెగుతాయి.

సినీబెంచ్ ఆర్11.5 అనే 3డీ రెండరింగ్ పరీక్ష అంకెలు ఈ రెండింటి స్వభావాన్ని బాగా పట్టిస్తాయి. ఒకే థ్రెడ్‌తో ఐ7కి సుమారు 1.66, ఎఫ్‌ఎక్స్‌కి 1.1. అన్ని థ్రెడ్లతో (హైపర్‌థ్రెడింగ్ వల్ల ఐ7 ఒక్కో కోర్ మీద రెండేసి థ్రెడ్లు నడుపుతుంది, అంటే ఎనిమిది) ఐ7కి 7.5 దగ్గర, ఎఫ్‌ఎక్స్‌కి 6.9 దగ్గర. ఒంటరి పరుగులో మూడో వంతు వెనకబడి, గుంపు పరుగులో పదోవంతు లోపే వెనకబడింది. ఎక్స్264 వీడియో ఎన్‌కోడర్ రెండో పాస్, ఫైళ్ళను కుదించే 7-జిప్ లాంటి ఇంటీజర్ పనుల్లో ఆ కాస్త తేడా కూడా చాలాసార్లు మాయమైంది.

గేముల్లో ఏం జరిగింది

డైరెక్ట్ఎక్స్ 11 కాలపు గేముల్లో గ్రాఫిక్స్ కార్డుకి పంపే డ్రా కాల్స్ (ఇది గీయి అన్న ఆదేశాలు) భారం ఎక్కువగా ఒకే థ్రెడ్ మీద పడేది. ఆ థ్రెడ్ ఆలస్యమైతే మిగతా ఏడు కోర్లు ఖాళీగా ఉన్నా ఒరిగేదేమీ లేదు. స్టార్‌క్రాఫ్ట్ 2, స్కైరిమ్ లాంటి వాటిలో ఎఫ్‌ఎక్స్ బాగా వెనకబడింది ఇందుకే. 2011లో టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్ సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) బదులు ఒక్కో ఫ్రేమ్‌కి పట్టిన సమయాన్ని కొలవడం మొదలుపెట్టాక ఈ లోపం ఇంకా స్పష్టంగా కనబడింది. 60 ఎఫ్‌పీఎస్ నిలవాలంటే ప్రతి ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. సగటు బాగున్నా మధ్యమధ్యలో 30, 40 మిల్లీసెకన్లు పట్టే ఫ్రేములుంటే ఆట కుదుపులతో నడుస్తుంది.

“ముందుముందు గేములు ఎనిమిది కోర్లూ వాడతాయి, అప్పుడు చూడండి” అన్నది ఎఫ్‌ఎక్స్ పక్షం వాదన. అది సగం నిజమైంది. 2013లో క్రైసిస్ 3లో ఎఫ్‌ఎక్స్ ఐ7కి దగ్గరగా వచ్చింది. ఆ నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ ఎనిమిదేసి ఏఎండీ జాగ్వార్ కోర్లున్నాయి. 2015లో విండోస్ 10తో డైరెక్ట్ఎక్స్ 12, 2016లో అలాంటిదే వల్కన్ వచ్చి డ్రా కాల్స్ పనిని పంచాయి. అయితే ఇవన్నీ ఐ7 ఎనిమిది థ్రెడ్లకు కూడా మేలు చేశాయన్న సంగతి ఆ వాదన మరిచింది. నాలుగు థ్రెడ్లే ఉన్న ఐ5-3570కె మీద ఎఫ్‌ఎక్స్ పరిస్థితి కాలంతోపాటు మెరుగైంది. 3770కె మీద తేడా తగ్గింది తప్ప తారుమారు కాలేదు.

పని యంత్రంగా చూస్తే

ఇక్కడ కథ కొంచెం తిరగబడుతుంది. 3770కెలో ఈసీసీ (తప్పుల్ని తనే దిద్దుకునే) మెమరీ పనిచేయదు. పైగా ఓవర్‌క్లాకింగ్ (నిర్ణీత వేగాన్ని దాటించి నడపడం) చిప్ కావడంతో, పరికరాలను వర్చువల్ మెషీన్లకు అప్పగించే వీటీ-డీని ఇంటెల్ తీసేసింది. కె లేని మామూలు 3770లో అది ఉంది. ఎక్కువ డబ్బు పెట్టి కొన్నవాళ్ళకు తక్కువ ఫీచర్లు దక్కడం విడ్డూరమే. వర్చువల్ మెషీన్‌కి (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌కి) గ్రాఫిక్స్ కార్డుని నేరుగా అప్పగించాలంటే 3770కెతో కుదరదు. ఎఫ్‌ఎక్స్‌కి 990ఎఫ్‌ఎక్స్ చిప్‌సెట్ బోర్డు జోడిస్తే అదే పని చేసే ఐఓఎంఎంయూ దొరుకుతుంది. చాలా బోర్డుల్లో అది బయోస్‌లో ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి.

ఎఫ్‌ఎక్స్ మెమరీ కంట్రోలర్‌కి ఈసీసీ తెలుసు, బోర్డు కూడా ఒప్పుకోవాలి. అసుస్ ఏఎం3+ (ఎఫ్‌ఎక్స్ కూర్చునే సాకెట్) బోర్డుల మాన్యువల్స్‌లో ఆ మాట కనబడుతుంది. కావలసింది అన్‌బఫర్డ్ ఈసీసీ. పాత సర్వర్లలోంచి చవగ్గా వచ్చే రిజిస్టర్డ్ మెమరీ మాడ్యూళ్ళు ఈ రెండు ప్లాట్‌ఫారాల్లోనూ పనిచేయవు. లినక్స్‌లో బూట్ సందేశాల్లో ఈడీఏసీ (మెమరీ తప్పుల్ని కనిపెట్టే డ్రైవర్) లోడైందో లేదో చూస్తే ఈసీసీ నిజంగా పనిచేస్తోందా అన్నది తెలిసిపోతుంది. ఇంటెల్ వైపు ఈసీసీ కావాలంటే జియాన్ ఈ3-1230 వీ2 లాంటి చిప్, సీ216 లాంటి వర్క్‌స్టేషన్ చిప్‌సెట్ ఉన్న బోర్డు వెతుక్కోవాలి.

వీడియో ఎన్‌కోడింగ్, కంపైలింగ్, కంప్రెషన్ లాంటి పనులకు ఎఫ్‌ఎక్స్ ఇచ్చిన ధరకు న్యాయం చేసింది. రెండు కోర్లకు ఒకే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ కావడంతో 3డీ రెండరింగ్‌లో, సిమ్యులేషన్లలో ఐ7 ముందుంటుంది. ఎడిటింగ్ చేసేవాళ్ళకు ఐ7లోని క్విక్ సింక్ (వీడియో ఎన్‌కోడింగ్‌కి ప్రత్యేక హార్డ్‌వేర్) అదనపు వరం. ఎఫ్‌ఎక్స్‌లో గ్రాఫిక్సే లేదు, కార్డు తప్పనిసరి.

కరెంటు సంగతి వేరే చెప్పాలి. నిండా పని ఉన్నప్పుడు మొత్తం సిస్టమ్ తాగేదానిలో రెండింటికీ సుమారు 70 వాట్ల తేడా వచ్చింది. రోజుకి 8 గంటలు రెండరింగ్ పెడితే నెలకి 17 యూనిట్ల దాకా ఎక్కువన్నమాట.

కోర్టుకెక్కిన కోర్

2015లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో ఒక కొనుగోలుదారు కేసు వేశారు: మాడ్యూల్‌లో భాగాలు పంచుకుంటున్నప్పుడు వాటిని ఎనిమిది స్వతంత్ర కోర్లని ఎలా అమ్ముతారని. 2019లో ఏఎండీ తప్పు ఒప్పుకోకుండానే 1.21 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. 8350తో సహా ఏడు మోడళ్ళు అందులో ఉన్నాయి. కాలిఫోర్నియాలో ఉంటూ కొన్నవాళ్ళకు, ఏఎండీ వెబ్‌సైట్ చూసి కొన్నవాళ్ళకే అర్హత. రాజీ కాబట్టి కోర్ అంటే ఏమిటో కోర్టు తేల్చలేదు. ఇంజినీరింగ్ కోణంలో ఎనిమిది అనడం పచ్చి అబద్ధం కాదు, ఇంటీజర్ పనికి అవి నిజంగా ఎనిమిదే. కొనేవాడు అర్థం చేసుకునే ఎనిమిది మాత్రం అది కాదు.

తర్వాత వచ్చిన చిక్కులు ఇంటెల్‌వైపు. 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపం 3770కెకి ఉంది, ఎఫ్‌ఎక్స్‌కి లేదు. 2019 నాటి ఎండీఎస్ (చిప్ లోపలి డేటా బయటికి పొక్కే) లోపాలకు పూర్తి రక్షణ కావాలంటే హైపర్‌థ్రెడింగ్ ఆపాల్సిందే. అలా ఆపితే ఐ7 కాస్తా ఐ5 అవుతుంది. డిస్క్, నెట్‌వర్క్ పని ఎక్కువున్న చోట ఈ ప్యాచ్‌ల దెబ్బ కనబడుతుంది, గేముల్లో తక్కువ. ఏవీఎక్స్2 అనే కొత్త ఇన్‌స్ట్రక్షన్ల సమితి రెండింటిలోనూ లేదు. అది తప్పనిసరి చేసిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 రెండింటి మీదా నడవదు, 9 నడుస్తుంది. విండోస్ 11 అధికారిక జాబితాలో రెండూ లేవు, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఇప్పుడు కొనేవాళ్ళు చూడాల్సినవి

ఎఫ్‌ఎక్స్ విషయంలో చిప్ కంటే బోర్డే ముఖ్యం. 760జీ, 970 చిప్‌సెట్ల చవక బోర్డుల్లో 4+1 ఫేజుల వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం), దాని మీద హీట్‌సింక్ కూడా ఉండదు. 125 వాట్ల చిప్ పెట్టి ఎన్‌కోడింగ్ మొదలుపెడితే కొన్ని నిమిషాల్లో క్లాక్ 1.4 గిగాహెర్ట్జ్‌కి పడిపోయి, మళ్ళీ లేచి, మళ్ళీ పడుతుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత మామూలుగా ఉండి ఇలా జరుగుతుంటే దోషం వీఆర్‌ఎందే. టర్బో (క్లాక్ తనంతట తానే పెరగడం) ఆపడం, వోల్టేజ్ కొద్దికొద్దిగా తగ్గించడం, వీఆర్‌ఎం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పడం దీనికి మందు. కోర్ సెన్సర్ ఖాళీగా ఉన్నప్పుడు గది ఉష్ణోగ్రత కంటే తక్కువ చూపించినా కంగారొద్దు, అది పరిమితి దగ్గరికొచ్చినప్పుడే నమ్మదగ్గది. ఆ పరిమితి 61 డిగ్రీలు. మన మే నెలలో స్టాక్ కూలర్‌తో దాన్ని అందుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.

గ్రాఫిక్స్ కార్డు ఎంపికలో చాలామంది ఇరుక్కునే చోటు పీసీఐ ఎక్స్‌ప్రెస్, అంటే కార్డుని బోర్డుకి కలిపే దారి. 990ఎఫ్‌ఎక్స్ బోర్డుల్లో సాధారణంగా 2.0, ఇంటెల్ జడ్77 చిప్‌సెట్ బోర్డు మీద 3770కెకి 3.0. జీటీఎక్స్ 1060, ఆర్‌ఎక్స్ 580 లాంటి 16 లేన్ల కార్డులకు ఈ తేడా పెద్దగా తగలదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి ఉన్నవి నాలుగే లేన్లు, 2.0 మీద అది సెకనుకి 2 జీబీకి కుంచించుకుపోయి, వీడియో మెమరీ నిండిన గేముల్లో చతికిలబడుతుంది.

మెమరీ కొనేటప్పుడు “ఏఎండీకి మాత్రమే” అని అమ్మే చవక 8 జీబీ డీడీఆర్3 మాడ్యూళ్ళు 3770కెతో బూట్ కావు. రెండు వ్యవస్థలకూ గరిష్ఠం 32 జీబీ. ఎన్‌వీఎంఈ (పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడిచే) ఎస్‌ఎస్‌డీ అడాప్టర్‌తో డేటా డ్రైవ్‌గా పనిచేస్తుంది గానీ బయోస్ మార్చకుండా దాన్నుంచి బూట్ కావడం అరుదు. సాటా ఎస్‌ఎస్‌డీయే తిన్నని దారి. జడ్77లో 6 గిగాబిట్ల సాటా పోర్టులు రెండే కాబట్టి ఎస్‌ఎస్‌డీ వాటిలోనే పెట్టాలి; ఎస్‌బీ950 (సాటా చూసుకునే చిప్) ఉన్న ఏఎండీ బోర్డుల్లో ఆరూ అదే వేగం.

గేముల కోసమైతే ధర కొంత ఎక్కువైనా 3770కెనే, అదీ జడ్77 బోర్డుతో. ఓవర్‌క్లాకింగ్ అక్కర్లేనివాళ్ళకు మామూలు 3770 ఇంకా మంచి బేరం, వీటీ-డీ కూడా వస్తుంది. ఎఫ్‌ఎక్స్ అర్థవంతంగా తోచేది ఒకే సందర్భంలో: మంచి వీఆర్‌ఎం ఉన్న 990ఎఫ్‌ఎక్స్ బోర్డుతో కలిపి దొరికి, ఈసీసీ మెమరీతో ఇంటి సర్వర్‌గానో, వర్చువల్ మెషీన్లకో వాడుకునేటప్పుడు. విడి చిప్ చవగ్గా వచ్చింది కదా అని ముందు కొనేసి ఏఎం3+ బోర్డు కోసం తర్వాత వెతికితే, మిగిలిన డబ్బంతా బోర్డుకే పోతుంది.