రెండున్నర జిల్లాల మాట అందరి తెలుగు ఎలా అయింది

తెలుగువారికి ఇప్పుడు రెండు భాషా దినోత్సవాలు ఉన్నాయి. గిడుగు రామమూర్తి జయంతి అయిన ఆగస్టు 29న ఆంధ్రప్రదేశ్ తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటుంది. కాళోజీ నారాయణరావు జయంతి అయిన సెప్టెంబరు 9న తెలంగాణ తన భాషా దినోత్సవాన్ని 2014 నుంచి జరుపుకుంటోంది. పదకొండు రోజుల ఎడంతో వచ్చే ఈ రెండు వేడుకల వెనక ఒక పాత తగవు ఉంది. కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల్లో చదువుకున్నవారి మాట ప్రామాణికమైందని, మిగిలినవారిది ‘యాస’ కింద జమ పడిందని ఆ తగవు సారాంశం. ‘రెండున్నర జిల్లాల భాష’ అని కాళోజీ ఎత్తిపొడిచింది దీన్నే. ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇచ్చి ఈ పని చేయించలేదు. పత్రిక, రేడియో, సినిమా కలిసి చేశాయి. ఆ మూడింటికీ చాలాకాలం కూడలిగా ఉన్న ఊరు విజయవాడ.

గిడుగు ఉద్యమం గ్రాంథికాన్ని ఎదిరించింది. బడిలోనూ పుస్తకంలోనూ జనం మాట్లాడే భాషే ఉండాలంది. ఎవరు మాట్లాడే భాష అన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు శిష్టజన వ్యావహారికం, అంటే చదువు సంధ్యలున్నవారి వాడుక. పర్లాకిమిడిలో ఉండి సవర గిరిజనుల భాషకు వ్యాకరణం రాసిన మనిషి కోస్తా మధ్య జిల్లాల పెత్తనాన్ని కోరుకున్నారనడం అన్యాయం. కానీ ఆ శిష్టులెవరో తేల్చే అవకాశం ఆ తర్వాత అచ్చుయంత్రాలున్నవారికి దక్కింది. తాపీ ధర్మారావు 1930లలోనే ‘జనవాణి’ పత్రికను వాడుక భాషలో నడిపి దారి చూపారు. అప్పటికి తెలుగు పత్రికలకు పెద్ద దిక్కు మద్రాసు.

ఆ దిక్కు బెజవాడకు మారడానికి కారణాలు నీళ్లలోనూ పట్టాల మీదా ఉన్నాయి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పండింది. పంట డబ్బు బళ్లకూ, గ్రంథాలయాలకూ, నాటక సమాజాలకూ చేరింది. అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో 1914 ఏప్రిల్‌లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ బెజవాడలోనే జరిగింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకూ, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరుకూ వెళ్లాయి. 1956లో రెండూ హైదరాబాదుకు చేరాయి. విజయవాడకు రెండూ దక్కలేదు గానీ, చదివేవాళ్లు చుట్టూ ఉండటం, మద్రాసుకూ హైదరాబాదుకూ విశాఖకూ పోయే రైళ్లు అక్కడే కలవడం చాలు, పత్రికలు వాటంతట అవే వచ్చాయి. 1952లో విశాలాంధ్ర వెలువడింది. 1960 నాటికి ఆంధ్రప్రభ మద్రాసు నుంచి తరలివచ్చింది. దానికి అంతకుముందు సంపాదకుడిగా ఉన్న నార్ల వెంకటేశ్వరరావు 1960 జులై 1న ఆంధ్రజ్యోతిని విజయవాడలోనే మొదలుపెట్టారు. రాత్రి అచ్చయిన కట్టలు స్టేషన్‌కు చేరి, తెల్లారేసరికి ఎక్కడెక్కడి ఊళ్లలోనో దిగేవి.

భాష ఎలా ఒకే అచ్చులోకి వచ్చిందో తెలియాలంటే సంపాదకీయాల కన్నా డెస్కును చూడాలి. విలేకరి వార్త రాసి కవర్లో పెట్టి బస్సుకు వేసేవాడు. అది మాచర్లదైనా, పలాసదైనా, నల్లగొండదైనా సబ్‌ఎడిటర్ కలం కింద ఒకే తీరు అయ్యేది. ‘చెప్పిండు’ ఉన్నా ‘చెప్పినాడు’ ఉన్నా ‘చెప్పారు’ అయి అచ్చుకు వెళ్లేది. ఇందులో దురుద్దేశమేమీ లేదు. పదిమందికి అర్థం కావాలన్న వృత్తి ధర్మమే ఉంది. నాలుగు దిద్దుబాట్లు పడ్డాక విలేకరి తన కాపీని తానే దిద్దుకుని పంపడం నేర్చేవాడు. ఇంట్లో ఒక మాట, కాగితం మీద ఇంకో మాట. తన మాట రాయదగింది కాదన్న నమ్మకం ఇలా ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే మనసులో నాటుకుంది. ఈ తగవులో నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపించేది ఇదే.

పత్రిక రాతను మారిస్తే, రేడియో ఉచ్చారణను పట్టుకుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు అక్కడ పనిచేశారు. పొద్దున్నే వచ్చే భక్తిరంజనితో తత్వాలూ కీర్తనలూ వాకిళ్లలో వినిపించాయి. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే, సొంత సెట్టు లేనివాళ్లు అరుగుల మీదా, టీ కొట్ల దగ్గరా చేరి వినేవారు. ఆ గొంతులో విరుపుంది, వెటకారముంది, పక్కింటి పెద్దాయన చనువుంది. అయినా ఒత్తులు, శ-ష-సల తేడాలు ఎక్కడా జారిపోయేవి కావు. స్పష్టంగా మాట్లాడటమంటే రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడటమని రెండు తరాలు అనుకున్నాయంటే, ఆ గొంతుల ప్రతిభ కూడా అందుకు కారణమే.

సినిమా సంగతి ఇంకాస్త కటువైనది. పోతిన శ్రీనివాసరావు 1921లో బెజవాడలో కట్టించిన మారుతీ సినిమా ఆంధ్ర ప్రాంతంలో తొలి శాశ్వత సినిమా హాలు అంటారు. తర్వాత గాంధీనగర్ పంపిణీదారుల ఆఫీసులతో నిండిపోయింది. చిత్రాలు తయారయ్యేది మద్రాసు స్టూడియోల్లోనే అయినా, పెట్టుబడిలోనూ రచయితల్లోనూ నటుల్లోనూ కృష్ణా, గుంటూరు జిల్లాల పాలు పెద్దది. విజయా సంస్థ చక్రపాణిది తెనాలి. ఎన్టీ రామారావు నిమ్మకూరులోనూ, అక్కినేని నాగేశ్వరరావు గుడివాడ దగ్గరి రామాపురంలోనూ పుట్టారు. కథానాయకుడు ప్రామాణిక తెలుగు మాట్లాడాలి. తెలంగాణ మాట హాస్యగాడికో, రౌడీకో దక్కాలి. ఉత్తరాంధ్ర మాట నవ్వులకూ, రాయలసీమ మాట కత్తి పట్టినవాడికీ పంచేశారు. పత్రిక యాసను చెరిపేసిందే గానీ ఎగతాళి చేయలేదు. సినిమా దాన్ని చూపించి మరీ నవ్వించింది. గాయం లోతుగా దిగింది ఇక్కడే.

కాళోజీ మాటకు ఒక సవరణ చెప్పుకోవాలి. ఆ రెండున్నర జిల్లాల్లోనూ అందరి మాటా ప్రామాణికం కాలేదు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య నిలబడి ధర అడిగే రైతు ‘ఏంది’ అంటాడు. పత్రిక ‘ఏమిటి’ అంటుంది. పల్నాటి పలుకుకు పత్రికలో చోటు దొరకలేదు. నోటి మాటను నోటి మాటగానే నిలిపింది బుర్రకథ. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్, ప్రజానాట్యమండలి వేదికల మీద పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలను ఊరివాళ్ల మాటల్లో, ఊరివాళ్ల చతుర్లతో చెప్పారు. రాత్రంతా సాగే ఆ కథ రేడియోకెక్కాక కేటాయించిన నిమిషాల్లోకి ఒదగాల్సి వచ్చింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక ప్రాంతాలుగా విభజించి, మధ్య కోస్తా మండలమే ఆధునిక ప్రామాణికానికి ఆధారమైందని చెప్పారు. 1962లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలది. రైతు నోట ఎన్ని పదాలున్నాయో, పత్రికలో వాటిని ఎంత తక్కువగా వాడామో అది తిరగేస్తే తెలుస్తుంది.

ఈనాడు 1974లో విశాఖలో మొదలై 1978లో విజయవాడకు వచ్చింది. 1989లో జిల్లాకో ప్రత్యేక అనుబంధం మొదలుపెట్టింది. ఎవరూ పేరు వినని ఊళ్లు రోజూ అచ్చులో కనబడసాగాయి. ఊరు పేపరుకెక్కింది గానీ ఊరి మాట ఎక్కలేదు. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. తర్వాత వార్తా ఛానళ్లు. కూడలి హైదరాబాదుకు మారినా, యాంకర్లకు నేర్పిన మాట పాతదే.

ఈ ప్రామాణికం మీద తిరుగుబాటుకు మూలాలు అంతకన్నా పాతవి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లోనే గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 2011లో మొదలైన నమస్తే తెలంగాణ శీర్షికల్లో తెలంగాణ పదాలకు చోటిచ్చింది. 2014 తర్వాత తెరమీద కథానాయకులూ నాయికలూ తెలంగాణ మాట మాట్లాడి మెప్పించారు. ఆశ్చర్యమేమిటంటే, అక్కడ కూడా పత్రికలూ ఛానళ్లూ తమకంటూ ఒక మూసను తయారు చేసుకుంటున్నాయి. ఆదిలాబాదు, పాలమూరు మాటలు మళ్లీ అంచులకే పోతున్నాయి. ఇటువైపు శ్రీకాకుళం, అనంతపురం మాటల్లోనే నడిచే దినపత్రిక ఇప్పటికీ లేదు. ఆ జిల్లాల పిల్లలు ఫోన్లో వీడియోలు తీసి, తమ పలుకులోనే మాట్లాడి, తామే పెట్టుకుంటున్నారు. వాటిలోనూ ఎక్కువగా చూడబడేవి నవ్వించేవే.