నిర్ణయం సిస్టరమ్మది, సంతకం డాక్టరుది

విశాఖ జిల్లా పద్మనాభం, ఆనందపురం, భీమిలి మండలాల్లో ఏ విలేజ్ క్లినిక్‌కైనా పొద్దున ఓపీ వేళకు వెళ్లి చూడండి. బల్ల దగ్గర బీఎస్సీ నర్సింగ్ చదివినామె ఒకరు కూర్చుని ఉంటారు. కాగితాల్లో ఆమె కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, అంటే సీహెచ్‌వో. మొదట్లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అనేవారు. ఊళ్లో మాత్రం సిస్టరమ్మే. వచ్చినవాళ్లలో ఎవరికి బిళ్లలిచ్చి ఇంటికి పంపాలో, ఎవరిని వీడియోలో డాక్టరుకు చూపించాలో, ఎవరి కోసం 108కి ఫోన్ కొట్టాలో తేల్చేది ఆమే. కానీ ఏ జబ్బుకు ఏ మందు ఆమె సొంతంగా మొదలుపెట్టవచ్చు అని అడిగితే, ఒక్క మాటలో జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఈ తికమక నిన్న మొన్నటిది కాదు.

డాక్టరుకు, నర్సుకు మధ్య మెట్టు మీద ఉండే వైద్యుణ్ని తయారుచేసే ఏర్పాటు ఒకప్పుడు విశాఖలోనే ఉండేది. 1902లో ఇక్కడ మెడికల్ స్కూలు పెట్టారు. డిగ్రీ ఉండదు, ఎంబీబీఎస్ కన్నా తక్కువ కాలం చదువు, బయటికొచ్చాక లైసెన్షియేటు. పాతతరం వాళ్లు ఎల్‌ఎంపీ డాక్టర్లనేది వీళ్లనే. 1923లో మెడికల్ కాలేజీ వచ్చింది. తర్వాత అదే ఆంధ్ర మెడికల్ కాలేజీ అయింది. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) కూడా ఆ ఏడాదే తెరిచారు. దేశంలో వైద్యం ఎలా ఉండాలో చెప్పడానికి సర్కారు వేసి, 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో రిజిస్టరైన డాక్టర్లు 47,524 మంది, వాళ్లలో 29,870 మంది లైసెన్షియేట్లే. అంటే ప్రతి ఐదుగురిలో ముగ్గురు. అయినా ఇకమీదట దేశానికి ఒకే రకం డాక్టరు, ఒకే స్థాయి చదువు ఉండాలని కమిటీ తేల్చింది. కమిటీ సభ్యుల్లోనే కొందరు ఒప్పుకోలేదు, కానీ వాళ్ల మాట చెల్లలేదు. లైసెన్షియేటు కోర్సులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

పల్లెల్లో పేదవాళ్లకు తక్కువరకం వైద్యం, పట్నంలో మేలురకం వైద్యం ఉండకూడదన్న పట్టుదల దాని వెనక ఉంది. ఆ పట్టుదలను తప్పుపట్టలేం. జరిగింది మాత్రం వేరు. ఎంబీబీఎస్ డాక్టరు ఊరికి రాలేదు, లైసెన్షియేటు లేకుండా పోయాడు, ఆ కుర్చీలో ఆర్‌ఎంపీ కూర్చున్నాడు. ఉత్తరాంధ్రలో సూదిమందు, సెలైను సంస్కృతి గురించి వాపోయే పెద్ద డాక్టర్లు ఈ ముక్క ఎందుకో వదిలేస్తారు.

సర్కారు తరఫున ఊళ్లో మిగిలింది ఏఎన్‌ఎం. మొదట కాన్పులకు, తల్లీబిడ్డల పనికి తీసుకున్న ఆమెను 1973లో కర్తార్ సింగ్ కమిటీ బహుళార్థ ఆరోగ్య కార్యకర్తను చేసింది. అప్పటి నుంచి నాలుగైదు దశాబ్దాలు ఆమె చేతికి అధికారం వచ్చిన తీరే ఈ కథకు ఆయువుపట్టు. అది ఒక్కసారి రాలేదు. ఒక్కో మందుగా, ఒక్కో జబ్బుగా వచ్చింది. విరేచనాలకు ఓఆర్‌ఎస్, రక్తహీనతకు ఐరన్ బిళ్లలు, మలేరియాకు క్లోరోక్విన్. కాన్పయ్యాక రక్తం పోతుంటే ఆక్సిటోసిన్, గర్భిణికి ఫిట్స్ వస్తే పెద్దాసుపత్రికి పంపే ముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు. 2014లో పసిబిడ్డకు ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ అనిపిస్తే జెంటామైసిన్ ఇంజెక్షన్. ప్రతి అనుమతి వెనకా చనిపోయిన తల్లులో, పిల్లలో ఉన్నారు. ప్రతిసారీ 'నర్సుకు ఇంత అధికారమా' అన్న వాదన కూడా జరిగింది.

పసిపిల్లల న్యుమోనియా సంగతి కొంచెం ఆగి చూడాలి. ఈ ఆలోచన ఎంత పదునైనదో అక్కడ తెలుస్తుంది. స్టెత్ లేదు, ఎక్స్‌రే లేదు. రెండేళ్ల పిల్లాడు దగ్గుతున్నాడు. చేయాల్సిందల్లా చొక్కా పైకెత్తి, పిల్లాడు ఏడవకుండా ఉన్నప్పుడు, గడియారం చూస్తూ నిండు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40. ఆ అంకె చేరినా దాటినా వేగంగా పీలుస్తున్నట్టే. పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతోందా, పాలు తాగగలుగుతున్నాడా, మగతగా ఉన్నాడా అనేవి తర్వాతి ప్రశ్నలు. 1980లలో పపువా న్యూగినీలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ అనే పిల్లల డాక్టరు ఈ లెక్కకు దారి వేశారు. మన దగ్గర మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్ బృందం ఊరి కార్యకర్తలకు, మంత్రసానులకు ఇదే నేర్పి, కో-ట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ చేతికిచ్చి, పిల్లల చావులు తగ్గుతాయని 1990లో చూపించింది. గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగుల చార్టులుగా ఏఎన్‌ఎంల శిక్షణలోకి వచ్చింది ఇదే. గులాబీ అయితే వెంటనే పంపెయ్, పసుపు అయితే మందు ఇయ్యి, ఆకుపచ్చ అయితే జాగ్రత్తలు చెప్పు.

ఇంకో దారి అమెరికాలో పడింది. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టారు. జబ్బు పేరు ముందే రాసున్న చార్టు ఇవ్వడం కాదు, పేరు తెలియని బాధతో వచ్చిన మనిషిని చూసి ఆలోచించడం నేర్పాలన్నది వాళ్ల పట్టు. 1971-72లో కెనడాలోని బర్లింగ్‌టన్‌లో దీన్ని పరీక్షకు పెట్టారు. కొన్ని కుటుంబాలను డాక్టర్లకు, కొన్నింటిని నర్స్ ప్రాక్టీషనర్లకు అప్పగించి చూశారు. రోగుల ఆరోగ్యంలో తేడా రాలేదు. వచ్చిన కేసుల్లో 67 శాతం నర్సులు డాక్టరును అడక్కుండానే చూసుకున్నారు. అయితే నర్సు చేసిన పనికి బిల్లు వేసే వీలు లేక ఆ క్లినిక్ ఆదాయం పడిపోయింది. సైన్సు ఒప్పుకున్నదాన్ని ఖజానా ఒప్పుకోకపోవడం అన్నమాట.

మన దేశంలో నర్స్ ప్రాక్టీషనర్ చదువు ఆలస్యంగా వచ్చింది. వచ్చినా ఐసీయూలకు, కాన్పుల వార్డులకు వెళ్లింది తప్ప పల్లె క్లినిక్‌కు రాలేదు. అక్కడికి వచ్చింది 2018 నాటి ఆయుష్మాన్ భారత్. లక్షన్నర సబ్‌సెంటర్లను, పీహెచ్‌సీలను వెల్‌నెస్ సెంటర్లుగా మారుస్తామన్నారు. నర్సింగ్ చదివినవాళ్లకు ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ ఇచ్చి కూర్చోబెట్టారు. ఆంధ్రప్రదేశ్ 10,032 విలేజ్ క్లినిక్‌లు అంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంలో నెలకు రెండుసార్లు ఊరికి రావాలి. మిగతా రోజులకు ఈ-సంజీవని ఉంది. క్లినిక్‌కూ డాక్టరుకూ మధ్య వీడియోలో చూపించే ఆ ఏర్పాటు దేశంలో మొదట మొదలైంది మన రాష్ట్రంలోనే, 2019 నవంబరులో.

అదే ఏడాది పార్లమెంటు జాతీయ మెడికల్ కమిషన్ చట్టం చేసింది. అందులోని 32వ సెక్షను కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చని, ప్రాథమిక వైద్యంలో కొన్ని మందులు సొంతంగా రాయవచ్చని చెప్పింది. డాక్టర్లు దేశమంతా రోడ్డెక్కారు. నకిలీ వైద్యానికి చట్టబద్ధత ఇస్తున్నారన్నది వాళ్ల ఆరోపణ. తమాషా ఏమిటంటే, మన క్లినిక్‌లలో కూర్చున్న సీహెచ్‌వోలు ఆ సెక్షను కింద వచ్చినవాళ్లే కారు. వాళ్లది జాతీయ హెల్త్ మిషన్ కాంట్రాక్టు ఉద్యోగం. లైసెన్సు గొడవ ఢిల్లీలో నడుస్తుంటే పని ఇక్కడ నడిచిపోతోంది.

ఆ పనిలో బీపీ, షుగరు సులువైన భాగం. బీపీ 140/90 దాటితే మళ్లీ కొలవడం, డాక్టరు మొదలుపెట్టిన ఆమ్లోడిపిన్ నెలనెలా ఇవ్వడం, తగ్గకపోతే పంపడం. దీనికి ఏం చేయాలో వరసగా రాసిన కార్డు ఉంది. కార్డు లేనిది ఇలా ఉంటుంది: యాభై దాటిన మనిషి వచ్చి "గ్యాస్ పట్టేసింది సిస్టరమ్మా, గుండెలో మంటగా ఉంది, బిళ్లొకటి ఇయ్యండి" అంటాడు. షుగర్ ఉంది, బీడీ అలవాటుంది, ఒళ్లు చల్లగా చెమట పట్టి ఉంది. గ్యాస్ బిళ్ల ఇచ్చి పంపవచ్చు, వీడియో కలిసేదాకా కూర్చోబెట్టవచ్చు, లేదా ఆస్పిరిన్ నమిలించి 108 పిలవవచ్చు. మూడోది సరైనదని పుస్తకం చదివినవాళ్లకు తెలుసు. అసలు ఇది గ్యాస్ కాకపోవచ్చన్న అనుమానం ఆ చెమట చూసినప్పుడే రావాలి. అది ఏ రంగు చార్టులోనూ లేదు. వీడియోలో డాక్టరు ఉన్నా, ఆయన వినేది ఆమె ఎంచి చెప్పిన సంగతులే. చెమట సంగతి చెప్పకపోతే ఆయనకు కనిపించేది గ్యాస్ కేసే. అందుకే టెలీ కన్సల్టేషన్ వచ్చింది కాబట్టి నర్సు నిర్ణయాల అవసరం తగ్గిందనేవాళ్లతో నేను ఏకీభవించను. చివరి మాట డాక్టరుదే కావచ్చు, మొదటి వడపోత మొత్తం ఆమెదే.

దూరం కూడా నిర్ణయాన్ని మార్చేస్తుంది. ఆనందపురంలో 'కేజీహెచ్‌కి వెళ్లండి' అంటే బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి పోతాయి. 2022 దాకా విశాఖ జిల్లాలోనే ఉన్న పాడేరు ఏజెన్సీలో, రోడ్డు లేని కొండ మీది ఊళ్లో అదే మాట అంటే నలుగురు మోసే డోలీ కావాలి. జ్వరం వస్తే కిట్‌తో మలేరియా పరీక్ష చేయడం వరకు రెండు చోట్లా ఒకటే. కిట్ నెగెటివ్ వచ్చి జ్వరం దిగకపోతే కింద మండలంలో రేపు రమ్మనవచ్చు, కొండ మీద ఆ 'రేపు' ఉండకపోవచ్చు. మార్గదర్శకాలు ఈ తేడాను పట్టించుకోవు, ఇద్దరికీ ఒకే మందుల జాబితా.

2025 వేసవిలో రాష్ట్రమంతటా సీహెచ్‌వోలు సమ్మెకు దిగారు. జీతం, పీఎఫ్, ఇన్సెంటివ్‌లు వాళ్ల డిమాండ్లు. ఏ మందు ఎవరు మొదలుపెట్టాలి, తేడా వస్తే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న ఆ చర్చల్లో పైకి రాలేదు. ఇన్సెంటివ్‌కు లెక్కలోకి వచ్చేది పోర్టల్‌లో నమోదైన స్క్రీనింగ్‌లు, టెలీ కాల్స్. గ్యాస్ అని వచ్చిన మనిషిని సకాలంలో 108 ఎక్కించినందుకు అందులో గడి లేదు. కొత్త బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ శిక్షణను చదువులోనే కలిపేశారు. కాబట్టి ఇకపై బయటికొచ్చే బ్యాచ్‌లకు ఆరు నెలల కోర్సు విడిగా అక్కర్లేదు. వాళ్లు ఏం రాయవచ్చో చెప్పే కాగితం మాత్రం సిలబస్ చేతిలో లేదు.