ఎనిమిది ఎక్కడ పెట్టాలి?

పెద్దోడికి, చిన్నోడికి, బుజ్జమ్మకి,

మీరు వెళ్లి వారమైంది. వరండాలో చాప ఇంకా ఎత్తలేదు. తలా ఒక పాత్ర వేసుకుని పాచికలతో ఆడే మన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, మొదటి పోరాటంలోనే నా మాంత్రికుడు కూలిపోతే ముగ్గురూ పడీ పడీ నవ్వారు కదా, అప్పట్నుంచీ నాకదే ధ్యాస. ముప్పై ఏళ్లు అకౌంట్స్ చూసినవాణ్ణి, ఆ మాత్రం లెక్క తప్పానేమిటి అని.

కాగితం మీద వేసి చూశాను. మీరిచ్చిన అంకెలు 15, 14, 13, 12, 10, 8. బలం, చురుకుదనం, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, ఆకర్షణ. ఈ ఆరింటికీ అవే సర్దుకోవాలి. తెలివికి 15 ఇచ్చాను, బాగానే ఉంది. మంత్రాలు చదువుకునేవాడికి ఒంటితో పనేముందిలే అని గట్టిదనానికి 8 పడేశాను. మునిగింది అక్కడే. 10 ఉంటే కలిసేదీ పోయేదీ ఏం లేదు. 8కి ఒకటి పోతుంది, 14కి రెండు కలుస్తాయి. మొదటి లెవెల్ మాంత్రికుడికి హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బకి తట్టుకుంటాడో చెప్పే అంకె, 6. నాకు ఒకటి పోగా 5. గాబ్లిన్ అనే ఆ చిన్న రాక్షసుడి బాణం తగిలితే ఆరు ముఖాల పాచిక వేసి 2 కలుపుతారు, అన్ని పాయింట్లు పోతాయి. అంటే పాచిక మీద 3 పడినా నా పని సరి! తగిలిన బాణాలు ఆరైతే నాలుగింటికి పడిపోయే లెక్క. అదే 14 పెట్టుంటే నాకు 8 ఉండేవి, పాచిక మీద 6 పడితే తప్ప పడేవాణ్ణి కాదు. ఆ 8 బలానికి ఇచ్చుంటే పోయేది. మూటలు మోయడానికి పెద్దోడున్నాడుగా.

చిన్నోడా, 13 దేనికి, 12 దేనికి అని గంటసేపు టెన్షన్ పడ్డావు. రెంటికీ కలిసేది ఒకటే నాన్నా. కాకపోతే నాలుగో లెవెల్‌లో అంకెలు పెంచుకునేటప్పుడు 13కి ఒక్కటి వేస్తే 14 అయిపోతుంది.

బుజ్జమ్మ తన యోధురాలి తెలివికి 8 పెట్టి, వంతెన కాపలావాడికి మన ప్లానంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది చూడండీ, ఆ పూటకి ఆట రక్తి కట్టింది దానివల్లే. నా 8 మాత్రం నన్ను చంపింది, కథేమీ పుట్టించలేదు.

1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికాలో ఈ ఆట తెచ్చినప్పుడు యోధుడు, మాంత్రికుడు, దైవబలంతో గాయాలు మాన్పే క్లెరిక్ అని మూడే రకాల పాత్రలట. మూడు పాచికలు వేసి ఎంతొస్తే అంత రాసుకునేవారట. మీకిప్పుడు ఎంచుకునే వీలుంది. ఉండీ ఏం చేశారు? ఎవరి షీటు వాళ్లు చాటుగా నింపుకున్నారు. తీరా చూస్తే ఇద్దరు కత్తివాళ్లు, ఒక దొంగ, ఒక ముసలి మాంత్రికుడు. గాయం మాన్పేవాడు ఒక్కడూ లేడు. మన ఫిషింగ్ హార్బర్‌లో బోటు కదిలే ముందే సరంగు ఎవరో, వల లాగేది ఎవరో, వంట ఎవరిదో తేలిపోతుంది. ఈసారి పెన్సిల్ పట్టుకునే ముందు నలుగురం మాట్లాడుకుందాం. ఎవరికీ ఇష్టం లేకపోతే క్లెరిక్‌గా నేనే ఉంటాను.

అన్నట్టు, పోయిందనుకున్న ఇరవై ముఖాల పాచిక సోఫా కింద దొరికింది. అమ్మమ్మ పోపులడబ్బాలో దాచింది. దసరాకి వచ్చినప్పుడు కాస్త ఇంగువ వాసనేస్తుంది, ఏమనుకోకండి.

మీ తాతయ్య,
పెదవాల్తేరు, విశాఖపట్నం