కిడ్నీ తీసేస్తే ఇక డయాలసిసేనా?

పోయిన వారం ఓపీలో ముగ్గురు ఒకే మాట అడిగారు. "క్రియాటినిన్ ఇప్పటికే ఎక్కువుంది. కిడ్నీ తీసేస్తే ఇక డయాలసిసే అంట కదా సార్?" ఎవరు చెప్పారమ్మా అంటే, ఒకరికి బావమరిది, ఒకరికి వాట్సాప్, ఇంకొకరికి స్కానింగ్ సెంటర్లో పక్కన కూర్చున్నాయన.

మూత్రనాళంలో, అంటే కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే గొట్టంలో, క్యాన్సర్ వస్తే చాలాసార్లు ఆ వైపు కిడ్నీ కూడా తీయాల్సి ఉంటుంది. అలాంటివాళ్ళు ఈ ఒక్క మాటతోనే నెలలకు నెలలు పోగొట్టుకుంటున్నారు.

ఉప్పల్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. 64 ఏళ్ళు, చాలా ఏళ్ళుగా షుగరు. నొప్పేమీ లేకుండా మూత్రంలో రక్తం. వేడి చేసిందని రెండు నెలలు బార్లీ నీళ్ళు తాగారు. సీటీలో చూస్తే ఎడమ నాళంలో కణితి, పైన కిడ్నీ ఉబ్బి ఉంది. క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.8, ఈజీఎఫ్ఆర్ (రెండు కిడ్నీలూ కలిసి ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె, తగ్గితే చెడ్డది) 41. ఆపరేషన్ అనగానే రిపోర్టులన్నీ మడిచి బట్టల షాపు సంచిలో పెట్టుకుని లేచారు. మళ్ళీ కనబడింది ఐదు నెలలకు.

అప్పుడు డీటీపీఏ స్కాన్ (ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో విడివిడిగా చూపే స్కాన్) చేయిస్తే ఎడమ కిడ్నీ వాటా 12 శాతం. కణితి అడ్డుపడి అది పని దాదాపు మానేసింది, మనిషిని నడిపిస్తున్నది కుడిదే. కిడ్నీ, నాళం, నాళం మూత్రాశయంలో కలిసేచోట చిన్న ముక్క, మూడూ తీశాం. మూడు నెలల తర్వాత క్రియాటినిన్ 2.0, ఈజీఎఫ్ఆర్ 36. డయాలసిస్ ఊసే లేదు. కానీ బయాప్సీలో కణితి నాళం కండరంలోకి దిగి ఉంది. మొదటిసారే ఒప్పుకుని ఉంటే అంత లోతుకు వెళ్ళేది కాదేమోనని నాకిప్పటికీ అనిపిస్తుంది.

అందుకే మొత్తం క్రియాటినిన్ చూసి హడలిపోకండి. ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో అడగండి. అందరికీ ఇలాగే అవుతుందనీ అనను. తీసేసే కిడ్నీ బాగా పనిచేస్తుంటే తగ్గుదల ఎక్కువే ఉంటుంది. ఈజీఎఫ్ఆర్ 20 దగ్గరున్నవాళ్ళకు డయాలసిస్ రావచ్చు కూడా. వాళ్ళను ముందే నెఫ్రాలజిస్టుకు చూపించి, చేతికి ఫిస్టులా (డయాలసిస్‌కు వీలుగా చేతిలో రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషన్) సంగతి మాట్లాడుకుంటాం. చిన్న, ముదరని కణితైతే కొందరికి కిడ్నీ ఉంచి లేజర్‌తో కాల్చేయొచ్చు. ఇంకో సంగతి, సిస్‌ప్లాటిన్ అనే మందుతో ఇచ్చే కీమోకు ఈజీఎఫ్ఆర్ సుమారు 60 ఉండాలి, తప్పనిసరైతే 50. ఒక కిడ్నీ పోయాక చాలామందికి అంత ఉండదు. కాబట్టి కీమో ముందా తర్వాతా అన్నది ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి.

మిగతావి గబగబా. కిడ్నీ దానం చేసినవాళ్ళు ఒక్కదానితో బాగానే ఉన్నారు కదా అంటారు. వాళ్ళను ఆరోగ్యం చూసి ఎంచుకుంటారండీ, షుగరు, బీపీ ఉన్న మీకు ఆ పోలిక కుదరదు. రోజుకు ఐదు లీటర్ల నీళ్ళు? వద్దు. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్? అసలు వద్దు.

ఆకుమందుకు సైడ్ ఎఫెక్టులుండవనే మాట వింటే మాత్రం నాకు కోపం ఆగదు. ఈశ్వరి వేరు జాతి మొక్కల్లోని అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీని చెడగొడుతుంది, ఇదే క్యాన్సర్‌నూ తెస్తుంది. 1990ల్లో బ్రస్సెల్స్‌లో సన్నబడడానికి అలాంటి మూలికల మాత్రలు వాడి ఎందరో ఆడవాళ్ళు కిడ్నీలు పోగొట్టుకున్నారు. వాళ్ళలో 39 మందికి పాడైన కిడ్నీలు, నాళాలు తీసి పరీక్షిస్తే 18 మందిలో క్యాన్సర్ బయటపడింది.

ఆపరేషన్‌తో అయిపోయిందనీ అనుకోవద్దు. ఈ జబ్బు మూత్రాశయంలో మళ్ళీ తలెత్తడం మామూలే. ఉప్పల్ పెద్దాయన మూడు నెలలకోసారి సిస్టోస్కోపీకి (మూత్రాశయంలోకి కెమెరా గొట్టం పెట్టి చూసే పరీక్షకు) అదే సంచితో వస్తారు. "ఇదే ఆఖరిది కదా సార్?" అంటారు. "కాదండీ" అంటాను. నవ్వి, టేబుల్ మీద పడుకుంటారు.