పడుకున్న పాదం, నిలబడ్డ పాదం

స్నానం చేసొచ్చి నాపరాళ్ల మీద నడిస్తే తడి అడుగులు పడతాయి. మామూలు పాదమైతే మడమకీ వేళ్ల మొదళ్లకీ మధ్య, బయటివైపు, పట్టీలా తడి ఉంటుంది. కొందరి అడుగులో ఆ పట్టీ కనిపించదు. ముందొక మరక, వెనకొక మరక, మధ్యలో పొడి రాయి. అరికాలి గుంట అంత లోతన్నమాట. వాళ్ల చెప్పులు తిరగేస్తే బయటి అంచే అరిగి ఉంటుంది.

షార్కో-మారీ-టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బులో ఇలాంటి పాదాలు ఎక్కువ. టూత్‌కీ పంటికీ సంబంధం లేదు. 1886లో దీన్ని వివరించిన ముగ్గురు డాక్టర్లలో ఒకాయన పేరది. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. నరాలు దెబ్బతినేకొద్దీ కాలి కండరాలు నీరసిస్తాయి, కానీ అన్నీ ఒకేలా కాదు. చిక్కంతా అక్కడే. పాదాన్ని పైకెత్తే కండరం చతికిలబడినా, బొటనవేలి వెనకాలి పొడుగు ఎముకను కిందికి లాగే కండరంలో బలం ఇంకా మిగిలే ఉంటుంది. ఒక ఎద్దు కూలబడితే రెండోది కాడిని తనవైపు ఈడ్చుకుపోయినట్టు, ఆ ఎముక కిందికి దిగుతుంది, పాదం గుంట లోతవుతుంది, మడమ లోపలికి ఒరుగుతుంది.

ఇది ఎక్స్‌రేలో సరిగ్గా తెలియాలంటే మనిషి నిలబడాలి. బల్లమీద పడుకోబెట్టి తీస్తే పాదం మీద బరువే ఉండదు, కొలిచిన కోణాలను నమ్మలేం. తూలిపోయే మనిషిని నిలబెట్టడం టెక్నీషియన్‌కి టెన్షనే. పట్టుకోవడానికి కడ్డీ, పక్కన ఒక తోడు కావాలి. పక్కనుంచి తీసిన ఫిల్ములో చీలమండ దగ్గరి తాలస్ ఎముక నడుమగా ఒక గీత, బొటనవేలి వెనకాలి ఎముక నడుమగా ఇంకో గీత గీస్తారు. మామూలుగా రెండూ ఒకే వరసలో ఉంటాయి. రెండోది 4 డిగ్రీలకు మించి కిందికి వాలితే గుంట ఎక్కువైనట్టే.

నాకు బాగా నచ్చే పరీక్షకు మాత్రం మెషీనే అక్కర్లేదు. అంగుళం మందం చెక్క ముక్కమీద మడమనీ పాదం బయటి అంచునీ ఆనించి, బొటనవేలి వైపును కిందికి జారనిస్తారు. వెనకనుంచి చూస్తే మడమ నిటారుగా వచ్చేసిందా, అది ఇంకా బిగుసుకోలేదన్నమాట. రాకపోతే సర్జరీ మడమ ఎముక దాకా వెళ్లాల్సి రావచ్చు.

వణుకుడు జబ్బు పార్కిన్సన్స్ సంగతి వేరు. కొందరికి రాత్రి వేసుకున్న మందు బలం తగ్గి, తెల్లారేసరికి పాదం లోపలికి మెలితిరుగుతుంది, వేళ్లు ముడుచుకుపోతాయి. ఆ జబ్బుకిచ్చే లెవోడోపా మందు అందుకున్నాక చాలామందికి అదే పాదం సర్దుకుంటుంది. ఇక పదకొండింటికి తీసిన ఎక్స్‌రేలో ఆ మెలిక ఎక్కడ దొరుకుతుంది? మాత్ర వేసుకుని ఎంతసేపయిందో ఫిల్ము కవరు మీద రాయించుకోవడం మేలు. అంతకన్నా పనికొచ్చేది, పొద్దున్నే దుప్పటి తీసి ఇంట్లోవాళ్లు ఫోన్లో పట్టిన అర నిమిషం వీడియో.