గుర్రం బండెక్కనంటే అది పొగరు కాదు

"గుర్రం బండెక్కట్లేదు సార్, గట్టిగా రెండు తగిలించే మనిషి కావాలి." పోయిన నెల చేవెళ్ల వైపు ఒక ఫామ్‌హౌస్ నుంచి వచ్చిన ఫోన్ ఇది. గుర్రాలకు శిక్షణ ఇచ్చే నాకు ఇలాంటివి తరచూ వస్తాయి. మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా గుర్రాల సంతలో ముచ్చటపడి మార్వాడీ జాతి గుర్రాన్నో కాఠియావాడీనో కొంటారు, డీసీఎం వ్యాన్‌లో తెచ్చుకుంటారు. ఆ ప్రయాణం తర్వాత అది మళ్లీ బండి దరిదాపులకు రాదు. "పొగరెక్కింది" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు.

అపోహ: లాగి, కొట్టి అయినా ఎక్కించాలి. లేదంటే మనల్ని లెక్కచేయదు.

వాస్తవం: అది భయం. ఎండలోంచి చీకట్లోకి వచ్చినప్పుడు గుర్రం కన్ను సర్దుకోవడానికి మనకన్నా ఎక్కువసేపు పడుతుంది. లోపలేముందో దానికి కనపడదు. కాలు పెడితే పలక దబదబ మోగుతుంది. అలాంటి చోటికి తల పట్టి లాగితే 400 కిలోల జంతువు వెనక్కే గుంజుతుంది. వెనక నుంచి కొరడా పడితే బండి అంటేనే దెబ్బ అని గుర్తుపెట్టుకుంటుంది.

గుర్రం నేర్చుకునేది తాడు బిగించినప్పుడు కాదు, సడలించినప్పుడు. మెల్లగా బిగించి ఆగండి. ఒక్క అడుగు వేసినా, ఒళ్లు ముందుకు వాల్చినా ఆ క్షణమే సడలించాలి. అది వెనక్కి గుంజుతున్నప్పుడు విసిగి వదిలేశారో, "గుంజితే వదులుతారు" అని నేర్చుకుంటుంది. చాలా ఇళ్లలో తెలియకుండా నేర్పుతున్నది ఇదే. బెదిరి వెనక్కి ఉరికితే దానితో పాటు నాలుగడుగులు వెళ్లండి. తాడు మాత్రం చేతికి చుట్టుకోకండి, వేళ్లు పోతాయి.

అసలు ఈ పని బండి దగ్గర మొదలవదు, ఇంటి ఆవరణలో మొదలవుతుంది. పిలిస్తే ముందుకు రావడం, ఆగడం, వెనక్కి జరగడం. ఇవి కుదిరాక నేల మీద పరిచిన చెక్క పలక మీద నడిపించండి. ఆ తర్వాతే బండి. ముందరి కాళ్లు రెండూ పెట్టి దిగినా ఆ రోజుకు చాలు.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో పెళ్లికి పంపాల్సిన ఒక తెల్ల గుర్రాన్ని ఐదుగురం కలిసి లాగాం. ముహూర్తం టెన్షన్. అది ముంగాళ్లు ఎత్తి వెనక కాళ్ల మీద లేచి వెల్లకిలా పడింది, తల సిమెంటు గట్టుకు తగిలింది. ప్రాణం దక్కింది గానీ రెండు నెలలు జీను వేయలేదు. ఆ రాత్రంతా దాని యజమాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నేనెప్పుడూ తాడు పట్టి లాగలేదు.

ఇంకొకటి, ప్రాణాల మీదికి తెచ్చేది. లోపలికి ఎక్కగానే తల కట్టేస్తారు. మొదట వెనకవైపు అడ్డుకర్ర వేసి, ఆ తర్వాతే తల కట్టాలి. దింపేటప్పుడు ముందు తల విప్పాలి. తల కట్టి ఉండి వెనక ఖాళీగా ఉంటే గుర్రం వెనక్కి దూకబోయి మెడ విరుచుకుంటుంది.

మిగతావి గబగబా చెప్తాను. గుండ్రంగా పరుగెత్తించి అలసగొట్టడం శిక్షణ కాదు, దాని దమ్ము పెరుగుతుంది, కీళ్లు అరుగుతాయి. గట్టి కళ్లెం వేస్తే నోటి నొప్పికి ఇంకా ఉరుకుతుంది. రెండేళ్లకే స్వారీ వద్దు, వెన్నెముక ముదరడానికి ఐదారేళ్లు పడుతుంది. కనీసం నాలుగేళ్లు నిండేదాకా అయినా ఆగమని నేను చెప్తాను. నుదుటి సుడి చూసి గుణం చెప్పేవాళ్ల మాట విని మంచి గుర్రాన్ని అమ్ముకున్నవాళ్లను ఎందరినో చూశాను. దయచేసి ఆ మాటలు వినకండి.

గుర్రం దగ్గర మీకు భయం వేస్తే దాచుకోకండి. హెల్మెట్ పెట్టుకోండి, తెలిసిన సైస్‌ను, అంటే గుర్రాలను చూసుకునే మనిషిని, పక్కన ఉంచుకోండి, నిదానంగా చేయండి.

చేవెళ్ల గుర్రం తొమ్మిదో రోజు తనంతట తానే ఎక్కింది. లోపల నిలబడి గడ్డి తింది, దిగింది. దాన్ని అమ్మేస్తారేమోనని అప్పటిదాకా బెంగపెట్టుకున్న ఆ ఇంటి పాప మళ్లీ ఎక్కించమంది. వెనక తలుపు ఇంకా వేయలేదు. ఈ వారం సగం మూసి చూస్తాం.